ఇంటి దగ్గర కారు లేపి బ్రేకు ప్యాడ్లు మార్చాలి: జాకీ ఎక్కడ పెట్టాలి, స్టాండు ఎక్కడ పెట్టాలి?

హనుమకొండ_స్విఫ్టు (హనుమకొండ), శనివారం ఉదయం 7:40

అందరికీ నమస్కారం. నాది 2013 నాటి డీజిల్ స్విఫ్టు. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. వారం రోజులుగా బ్రేకు తొక్కితే ముందు ఎడమ చక్రం దగ్గర ఇనుము రాసుకుంటున్న చప్పుడు వస్తోంది. టార్చి వేసి చూస్తే ప్యాడు మందం రెండు మిల్లీమీటర్లు కూడా మిగల్లేదు. కొత్త ప్యాడ్లు తెచ్చాను. ఎలాగూ విప్పుతున్నాను కాబట్టి వెనక బ్రేకు డ్రమ్ములు కూడా తీసి శుభ్రం చేద్దామనుకుంటున్నాను.

బ్రేకు పని మా మేనమామ దగ్గర చూసి నేర్చుకున్నాను, దానికి భయం లేదు. కారు లేపడం దగ్గరే నా సందేహమంతా. రెండు టన్నుల ట్రాలీ జాకీ కొన్నాను. ఇంటి ముందు పార్కింగులో గరుకు టైల్స్ వేసి ఉన్నాయి, వీధి వైపు కొంచెం వాలు. కారుతో వచ్చిన పుస్తకంలో పక్క అంచు కింద రెండు గాట్ల మధ్య జాకీ పెట్టమని ఉంది. సరే, అక్కడ జాకీ పెడితే మరి స్టాండు (లేపిన కారు బరువును మోసే ఇనుప కాళ్ళ ఊత) ఎక్కడ పెట్టాలి? అసలు స్టాండ్లు కొనాలా? మా నాన్నగారు ఇటుకలు పేర్చుకుంటే చాలంటున్నారు. అనుభవమున్నవాళ్ళు చెప్పండి.

పానా_పెట్టె (విజయవాడ), శనివారం ఉదయం 8:25

స్టాండ్లు కొన్నాకే పని మొదలుపెట్టండి. ఇది ఖర్చు తగ్గించుకునే చోటు కాదు. జాకీ బండిని లేపడానికి మాత్రమే. ట్రాలీ జాకీలో బరువంతా నూనె ఒత్తిడి మీద నిలబడుతుంది. లోపలి రబ్బరు సీలు కొంచెం చిరిగినా, వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కున్నా జాకీ నెమ్మదిగా దిగిపోతుంది, ఒక్కోసారి ఒక్కసారిగా కూలిపోతుంది. స్టాండులో నూనె లేదు, సీలు లేదు, ఇనుము మీద ఇనుము ఉంటుంది.

మీ స్విఫ్టు బరువు టన్నుకు అటూ ఇటూగా ఉంటుంది. ఇంజను ముందే ఉంది కాబట్టి అందులో సగానికి పైగా ముందు చక్రాల మీదే పడుతుంది. రెండు టన్నుల స్టాండ్ల జత మీకు బాగా సరిపోతుంది.

ఇక జాకీ, స్టాండు ఒకే చోట పట్టవు కదా అన్న మీ ప్రశ్న. మొదటిసారి చేసే ప్రతివారికీ ఇక్కడే చిక్కు వస్తుంది. బలమైన చోటు, అంటే ఆ గాట్ల మధ్య ఉన్న అంచు, స్టాండుకు వదిలేయండి. బరువు గంటలకొద్దీ నిలవాల్సింది దాని మీదే. జాకీని ముందు సస్పెన్షను ఆర్ము బిగించిన సబ్‌ఫ్రేము (కారు ముందు భాగం కింద ఉండే గట్టి ఇనుప చట్రం) మీద, ఆ ఆర్ము బోల్టుకు దగ్గరగా పెట్టి లేపండి. ఆయిల్ పాను, గేరుబాక్సు, రేడియేటరు కింది పట్టీ, కాళ్ళ కింది రేకు, వీటి జోలికి పోకండి. రేకు మీద జాకీ పెడితే కారు లేవదు, రేకే లోపలికి పోతుంది.

పాత_అంబాసిడర్ (రాజమహేంద్రవరం), శనివారం ఉదయం 9:10

నాన్నగారి మాటను ఒక్కసారిగా కొట్టిపారేయకండి. ఆ రోజుల్లో మాకు స్టాండ్లు ఎక్కడివి? నా అంబాసిడరును ముప్పై ఏళ్ళు దిమ్మెల మీద నిలబెట్టే పని చేసుకున్నాను, ఏనాడూ ఇబ్బంది రాలేదు.

షెడ్డు_మేస్త్రి (గుంటూరు), శనివారం ఉదయం 9:55

అయ్యా, మీరు పెట్టినవి చెక్క దిమ్మెలా, ఇటుకలా? రెంటికీ చాలా తేడా ఉంది. గట్టి కర్ర దిమ్మెలను ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా పేర్చితే బరువు తట్టుకుంటాయి. తట్టుకోలేనప్పుడు కూడా కర్ర ముందుగా కిర్రుమంటుంది, నలుగుతుంది, చీలిక కనబడుతుంది. ఇటుక అలా కాదు. సిమెంటు దిమ్మె అంతకన్నా కాదు. అంచు మీద బరువు పడ్డప్పుడు చూడటానికి బాగానే ఉంటుంది, మరుక్షణం పొడి అయిపోతుంది.

నేను షెడ్డులో పని నేర్చుకుంటున్న రోజుల్లో కళ్ళారా చూశాను. వ్యాను కింద బోలు సిమెంటు దిమ్మెలు పెట్టారు. నాతోటి కుర్రవాడు చక్రం తీసి, డ్రమ్ము వెనకకు చెయ్యి పెట్టాడు. దిమ్మె పగిలిన చప్పుడు, బండి పడిన చప్పుడు ఒకేసారి వినబడ్డాయి. అతని కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. ఆ తర్వాత నలభై ఏళ్ళలో నా షెడ్డులోకి ఇటుకను రానివ్వలేదు. బాబూ, నాన్నగారికి ఈ సంగతి చెప్పండి, అర్థం చేసుకుంటారు.

పాత_అంబాసిడర్, శనివారం ఉదయం 10:20

నావి పాత రైలు పట్టాల కింది కర్ర దిమ్మెలు. మేస్త్రి గారు చెప్పింది నిజమే, నేను ఇటుకలు ఎప్పుడూ వాడలేదు. నా మాటను ఆ మేరకు సరిదిద్దుకుంటున్నాను. ఇటుకలు వద్దు.

హనుమకొండ_స్విఫ్టు, శనివారం ఉదయం 10:45

మేస్త్రి గారూ, చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. నాన్నగారికి చదివి వినిపించాను. సాయంత్రం ఇద్దరం వెళ్ళి స్టాండ్లు తెస్తాం. గరుకు టైల్స్ మీద పెట్టవచ్చా? వాలు సంగతి ఏమిటి?

పానా_పెట్టె, శనివారం ఉదయం 11:30

వాలు మీద వద్దు. కంటికి కొంచెమే అనిపించినా వద్దు. కారును లోపల చదునుగా ఉన్న భాగానికి తెచ్చుకోండి. చదునుందో లేదో తెలియకపోతే ఒక గోళీ వదిలి చూడండి, అది పరుగెత్తితే ఆ చోటు పనికిరాదు.

టైల్స్ కింద సిమెంటు గట్టిగా నింపి ఉంటే పరవాలేదు. పైన పెట్టే ముందు సుత్తి పిడితో తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే స్టాండు కాలు దిగినప్పుడు ఆ టైలు విరుగుతుంది. కడప బండలు పరిచిన ఇళ్ళలోనూ ఇదే సమస్య. నేనైతే రెండడుగుల చదరం, పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లైవుడ్ ముక్కలు వేసి వాటి మీదే పెడతాను. తారురోడ్డు మీద పని చేసేవాళ్ళకైతే ప్లైవుడ్ తప్పనిసరి. మే నెల ఎండకు తారు మెత్తబడి స్టాండు కాళ్ళు ఒకవైపు దిగబడతాయి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. ట్రాలీ జాకీ చెయ్యి నిట్టనిలువుగా లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. అంటే పైకి వెళ్ళేకొద్దీ జాకీ గిన్నె, అంటే కారుకు ఆనే పై భాగం, కొంచెం పక్కకు జరుగుతుంది. ఆ తేడాను సరిచేసుకోవడానికే జాకీకి చక్రాలు పెట్టారు. మీరు పంపు కొడుతుంటే జాకీయే మెల్లగా కారు కిందికి జరుగుతూ ఉండాలి. కంకర మీదో, గరుకు టైలు గాడిలోనో చక్రం ఇరుక్కుంటే జాకీ జరగదు, గిన్నె కారును పక్కకు నెడుతుంది లేదా పెట్టిన చోటు నుంచి జారుతుంది. కాబట్టి జాకీ కింద వేసే ప్లైవుడ్ అది దొర్లడానికి సరిపోయేంత పొడవుండాలి. నాలుగు సార్లు పంపు కొట్టి ఆగండి, వంగి గిన్నె ఎక్కడుందో చూడండి, మళ్ళీ కొట్టండి.

విశాఖ_తీరం (విశాఖపట్నం), శనివారం మధ్యాహ్నం 1:15

పానా_పెట్టె గారు చెప్పిన ఆ జారుడు నేను అనుభవించాను. చక్రం మార్చుతూ కంకర నేల మీద జాకీ పెట్టాను. మూడో వంతు లేచాక గిన్నె జారి కారు కూర్చుంది. చక్రం ఇంకా విప్పలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు, పక్క అంచు మాత్రం వంగిపోయింది. ఆ రోజు నుంచి నేను మార్చని నియమం ఒకటుంది. చక్రం బయటికి తీసిన వెంటనే దాన్ని పడుకోబెట్టి కారు అంచు కిందికి తోస్తాను. అన్నీ విఫలమైనా కారు ఆ చక్రం మీద ఆగుతుంది, మనిషి నలగడు.

మా ఊళ్ళో ఉప్పుగాలికి చక్రం హబ్బుకు (చక్రాన్ని బిగించే మధ్య భాగానికి) తుప్పుతో అతుక్కుపోతుంది, నట్లు తీసినా రాదు. జాకీ మీద ఉన్న కారు చక్రాన్ని కాలితో తన్నేవాళ్ళను చూశాను. దయచేసి అలా చేయకండి. నట్లను చేత్తో వదులుగా తిరిగి ఎక్కించి, కారు దించి, ఒక చుట్టు వదులు ఉంచి రెండడుగులు ముందుకు, వెనకకు కదిపితే అదే ఊడివస్తుంది.

హనుమకొండ_స్విఫ్టు, శనివారం మధ్యాహ్నం 2:05

ఒక సందేహం. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచితే చాలదా? చక్రాలకు అడ్డాలు తప్పనిసరా?

షెడ్డు_మేస్త్రి, శనివారం సాయంత్రం 4:30

బాబూ, మీరు చేయబోయే పనిని బట్టి చెబుతాను.

మీ కారులో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలను పట్టుకుంటుంది, గేరు ముందు చక్రాలను పట్టుకుంటుంది. ముందు ప్యాడ్లు మార్చేటప్పుడు ఒక ముందు చక్రం గాలిలోకి లేచిందనుకోండి. ఆ క్షణం నుంచి గేరు బలం పోయినట్టే. ఎందుకంటే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలాన్ని పంచే గేర్ల అమరిక) గాలిలో ఉన్న చక్రాన్ని వెనకకు తిరగనిస్తుంది, నేల మీదున్న చక్రం ముందుకు దొర్లుతుంది. అప్పుడు కారును ఆపేది వెనక హ్యాండ్ బ్రేకు ఒక్కటే. అది పాత కేబులు, వదులుగా ఉందేమో ఎవరు చూశారు?

వెనక డ్రమ్ము తీసేటప్పుడు వ్యవహారం తిరగబడుతుంది. హ్యాండ్ బ్రేకు వేసి ఉంటే షూలు, అంటే డ్రమ్ము లోపలి బ్రేకు ముక్కలు, డ్రమ్మును పట్టుకుని ఉంటాయి, డ్రమ్ము రాదు. దాన్ని వదలక తప్పదు. వదిలాక కారును ఆపేది ముందు చక్రాలకున్న గేరు మాత్రమే. అందుకే ఏ చక్రం లేపినా దానికి ఎదురు చివరనున్న రెండు చక్రాలకూ ముందూ వెనకా అడ్డాలు పెట్టాలి. ముందు లేపితే వెనక చక్రాలకు, వెనక లేపితే ముందు చక్రాలకు. గుండ్రాయి వద్దు, దొర్లిపోతుంది. త్రికోణంగా కోసిన చెక్క ముక్క పెట్టి, కాలితో గట్టిగా లోపలికి తొక్కండి.

డ్రమ్ము బిగిసిపోతే దాని ముఖం మీద మర వేసిన రెండు చిన్న రంధ్రాలుంటాయి. రెండు బోల్టులు తీసుకుని, ఒకదాన్ని కొంచెం, మరొకదాన్ని కొంచెం బిగిస్తూ పోతే డ్రమ్ము తనంతట తానే ముందుకొస్తుంది. సుత్తితో బాదితే కారంతా ఊగుతుంది.

బొలెరో_రైతు (అనంతపురం), శనివారం సాయంత్రం 6:10

మేస్త్రి గారూ, నాది వెనక చక్రాలు నడిపే బండి. నాకు ఈ లెక్క ఎలా ఉంటుంది?

షెడ్డు_మేస్త్రి, శనివారం రాత్రి 7:45

మీకు ఇంకా జాగ్రత్త కావాలి. మీ బండిలో గేరు, హ్యాండ్ బ్రేకు రెండూ వెనక చక్రాల మీదే ఉన్నాయి. వెనక ఒక చక్రం లేపి, డ్రమ్ము కోసం హ్యాండ్ బ్రేకు వదిలారంటే బండిని ఆపేది ఏదీ లేదు. గేరులో ఉన్నా లేచిన చక్రం తిరుగుతుంది, బండి కదులుతుంది. ముందు రెండు చక్రాలకూ అడ్డాలు లేకుండా జాకీ పిడి పట్టుకోకండి. పొలం మట్టిలో అసలు లేపకండి, కళ్ళం గచ్చు మీదికి తెచ్చుకోండి.

ఆస్టిన్_తెలుగు (టెక్సస్), ఆదివారం ఉదయం 8:30

స్టాండ్లు కొనేటప్పుడు చూడాల్సినవి చెబుతాను. ఇక్కడ చాలామంది ఇంటి గ్యారేజీలోనే బ్రేకులు మార్చుకుంటారు. 2020లో హార్బర్ ఫ్రైట్ సంస్థ మూడు టన్నుల, ఆరు టన్నుల స్టాండ్లను వెనక్కి పిలిచింది. అవి పళ్ళ పట్టీ రకం. పళ్ళలో దిగి పట్టుకోవాల్సిన కొక్కెం పూర్తిగా దిగకపోవచ్చని, పక్కకు నెట్టినప్పుడు స్టాండు కిందికి జారిపోవచ్చని తేలింది. వాటికి బదులుగా ఇచ్చిన మూడు టన్నుల స్టాండ్లలో కొన్నింటికి అతుకుల లోపం బయటపడి, అదే ఏడాది వాటినీ వెనక్కి పిలిచారు. అప్పటి నుంచి స్టాండు మీద ఎన్ని టన్నులని రాసి ఉన్నా, నేను స్వయంగా పరీక్షించకుండా కారు దించను.

పళ్ళ పట్టీ రకమైతే ఎత్తు పెట్టాక పిడిని కిందికి నొక్కి, కొక్కెం పంటి లోపలికి పూర్తిగా వెళ్ళిందో లేదో కంటితో చూడండి. పిన్ను రకమైతే పిన్ను రెండు వైపులా బయటికి రావాలి, చివర క్లిప్పు పడాలి. నేను పిన్ను రకాన్నే ఎంచుకుంటాను. అందులో సర్దుబాటు తక్కువ, కానీ ఏది దేన్ని మోస్తోందో స్పష్టంగా కనబడుతుంది. కాళ్ళ దగ్గర అతుకులు వేలితో తడిమి చూడండి. నాలుగు కాళ్ళూ నేలకు ఆనుకోవాలి, ఊగే స్టాండును దుకాణంలోనే వదిలేయండి.

కరెంటు_బండి (హైదరాబాద్), ఆదివారం ఉదయం 9:20

విద్యుత్ కార్లు ఉన్నవాళ్ళ కోసం ఒక మాట. మన బండ్లలో చాలావాటికి నేల కిందంతా బ్యాటరీయే. జాకీ గిన్నె దాని పెట్టెకు తగిలి నొక్కుపడితే లోపలి బ్యాటరీ సెల్లులు దెబ్బతినవచ్చు. పుస్తకంలో చూపిన నాలుగు చోట్లు తప్ప మరెక్కడా పెట్టకండి. బరువు కూడా అదే పరిమాణంలోని పెట్రోలు బండి కన్నా ఎక్కువ, జాకీ సామర్థ్యం దాన్ని బట్టి చూసుకోండి. ఇంకో సంగతి, కొన్ని కొత్త కార్లలో స్టెప్నీ బదులు పంక్చరు కిట్టు ఇస్తున్నారు. టైరులో గాలి ఒత్తిడిని చూపే సెన్సర్లు, ఆ కిట్టు ఉంటే స్టెప్నీ అక్కర్లేదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. అలాంటి కారులో జాకీ అసలు ఉందో లేదో డిక్కీ తెరిచి ఈ రోజే చూసుకోండి.

హనుమకొండ_స్విఫ్టు, ఆదివారం ఉదయం 10:00

స్టాండ్లు తెచ్చాం, పిన్ను రకం. ప్లైవుడ్ ముక్కలు నాన్నగారే వడ్రంగి దగ్గర కోయించారు. ఇక మొదలుపెడుతున్నాను. వరుస ఒకసారి ఎవరైనా చెబితే కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకుంటాను.

పానా_పెట్టె, ఆదివారం ఉదయం 10:15

కారు చదునైన చోట, మొదటి గేరు, హ్యాండ్ బ్రేకు, వెనక చక్రాలకు అడ్డాలు. లోపల ఎవరూ ఉండకూడదు. చక్రం నేల మీద ఉండగానే నట్లను అర చుట్టు వదులు చేయండి. బిగిసిన నట్టుకు పానా మీద బలమంతా వేయాల్సి వస్తుంది, అది గాలిలో ఉన్న కారు మీద చేస్తే కారు స్టాండు మీద నుంచి జారిపడవచ్చు. తర్వాత లేపండి, గాట్ల మధ్య స్టాండు పెట్టండి, మధ్యలో పాత టైరు రబ్బరు ముక్క వేయండి, జాకీని మెల్లగా వదిలి బరువును స్టాండు మీదికి దించండి. జాకీని తీసేయకండి. తాకీ తాకనట్టు అక్కడే ఉంచండి, రెండో కాపలాగా ఉంటుంది.

ఇప్పుడు చక్రం తీయకముందే బానెట్టు పక్కన చేతులు పెట్టి కారును గట్టిగా ఊపండి. మొహమాటం లేకుండా ఊపండి. పడేదుంటే మీరు బయట నిలబడి ఉన్నప్పుడే పడాలి. స్టాండు అంగుళం కదిలినా మళ్ళీ లేపి సరిచేయండి. అప్పుడు చక్రం తీసి విశాఖ_తీరం గారు చెప్పినట్టు అంచు కిందికి తోయండి.

ఒక్కో చక్రం ముగించాకే రెండోదానికి వెళ్ళండి. రెండు వైపులూ ఒకేసారి విప్పకండి, ఒక వైపు చూసి రెండో వైపు బిగించుకునే అవకాశం పోతుంది.

షెడ్డు_మేస్త్రి, ఆదివారం ఉదయం 10:40

క్యాలిపరును (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాన్ని) విప్పాక దాని గొట్టం మీద వేలాడదీయకండి, రబ్బరు గొట్టం లోపల చీలుతుంది, బయటికి కనబడదు. తీగతో స్ప్రింగుకు కట్టండి. పిస్టను లోపలికి నొక్కే ముందు బ్రేకు నూనె డబ్బా మూత తీసి మట్టం చూడండి, నిండుగా ఉంటే పొంగుతుంది. ఆ నూనె రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్ళు పోయండి. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. పాత షూల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు హాని.

అన్నీ బిగించాక కారు కదపడానికి ముందు బ్రేకు పెడలును గట్టిపడేదాకా పంపు కొట్టాలి. నొక్కిన పిస్టను వెనక్కి వెళ్ళి ఉంటుంది, మొదటి రెండు మూడు తొక్కులకు పెడలు నేలకు తగులుతుంది. ఈ సంగతి మరిచిపోయి గేటు గుద్దినవాళ్ళను చూశాను.

హనుమకొండ_స్విఫ్టు, ఆదివారం రాత్రి 8:50

పని పూర్తయింది. నాలుగు గంటలు పట్టింది.

జరిగింది చెబుతాను. ముందు ఎడమ వైపు లేపి, స్టాండు మీదికి దించి, పానా_పెట్టె గారు చెప్పినట్టు ఊపాను. స్టాండు ఒక పక్కకు వాలింది. వంగి చూస్తే ప్లైవుడ్ కింద ఒక టైలు అంచు లేచి ఉంది, దాని మీద చెక్క ఊగుతోంది. మళ్ళీ లేపి, ప్లైవుడ్‌ను అర అడుగు జరిపి దించాను. రెండోసారి ఊపితే కారు కదిలింది గాని స్టాండు కదలలేదు. ఊపకుండా చక్రం తీసి ఉంటే నా చెయ్యి క్యాలిపరు వెనక ఉండేది. నాన్నగారు అది చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత నా పక్కనే కూర్చుని టార్చి పట్టుకున్నారు.

లోపలి ప్యాడు బయటిదాని కన్నా బాగా ఎక్కువ అరిగింది. క్యాలిపరు జారాల్సిన పిన్నుల్లో ఒకటి గ్రీజు ఎండి పట్టేసింది. అది శుభ్రం చేసి, బ్రేకు గ్రీజు రాసి ఎక్కించాను. వెనక డ్రమ్ములు రెండు బోల్టులతో మేస్త్రి గారు చెప్పినట్టే చక్కగా వచ్చాయి. ముందు చక్రాలకు అడ్డాలు పెట్టాకే హ్యాండ్ బ్రేకు వదిలాను.

ఒక్కటే మిగిలింది. నట్లు ఎంత బిగించాలి?

పానా_పెట్టె, ఆదివారం రాత్రి 9:20

లేచి ఉన్న టైలు సంగతి రాసినందుకు కృతజ్ఞతలు, ఎంతోమందికి పనికొస్తుంది.

ముందుగా నట్లను చేత్తో ఎక్కించి ఉండాలి, మర సరిగా పట్టిందో చేతికే తెలుస్తుంది. టైరు నేలకు తాకాక ఎదురెదురు నట్లను వరుసగా బిగించాలి, పక్కపక్కవి కాదు. చిన్న కార్లకు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య చెబుతారు. మీ కారుకు ఖచ్చితమైన అంకె మీ పుస్తకంలో ఉంటుంది. టార్కు రెంచి లేకపోతే దగ్గర్లోని టైర్ల దుకాణంలో అడిగి చూపించుకోండి. మరలకు నూనె రాయకండి, రాస్తే అదే బిగింపుకు బోల్టు మీద లాగుడు ఎక్కువవుతుంది. పానా మీద ఎక్కి నిలబడి బిగించకండి. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చూడండి. కొత్త ప్యాడ్లు కూర్చునేదాకా కొన్ని రోజులు గట్టి బ్రేకులు వేయకుండా, ముందున్న బండికి దూరం ఎక్కువ ఉంచి నడపండి.

హనుమకొండ_స్విఫ్టు, బుధవారం సాయంత్రం 6:35

పుస్తకంలోని అంకె ప్రకారం టైర్ల దుకాణంలో బిగింపు చూపించాను. ముందు కుడి చక్రంలో ఒక నట్టు పావు చుట్టు తిరిగింది, మిగిలినవి సరిగ్గా ఉన్నాయి. చప్పుడు పోయింది. ఎనభై కిలోమీటర్లు తిరిగింది, బ్రేకు సూటిగా పడుతోంది. లేచిన ఆ టైలును నాన్నగారు నిన్న తాపీ మేస్త్రిని పిలిపించి తీయించి, కింద సిమెంటు నింపించి మళ్ళీ వేయించారు. వచ్చే నెల మా పక్కింటివాళ్ళ వ్యాగన్ ఆర్ వెనక షూలు మార్చాలి, స్టాండ్లు అడిగారు. ఇస్తాను, కానీ నేను కూడా పక్కన ఉంటాను.